రాయి ఏది? శిలాజమేది?
(మన జిల్లా రాళ్ళను గూర్చి ఒక పాఠము)

ప్రొద్దుటూరులో పాత ఇళ్ళ నడవలలో పరచిన నాపబండలను తడిగుడ్డతో తుడిచి చూచినప్పుడు, కొన్నింటి మీద నల్లని సన్నని కొమ్మలు అల్లుకొని కనిపిస్తాయి. ఒక్కొక్క కొమ్మకు రెమ్మలు, రెమ్మలకు ఈనెలు. చూచుటకు అచ్చముగా ఫెర్ను ఆకును బండమీద ఒత్తి తీసినట్లుండును. ఇట్టి బండముక్కను విద్యార్థులు కాగితములో చుట్టి తెచ్చి, "ఇది ఆకు శిలాజమే కదా?" అని మమ్ము అడుగుచుందురు. అదే విద్యార్థులు వేంపల్లె పరిసరాల గుట్టలకు విహారమునకు పోయినప్పుడు, గిన్నెలను ఒకదానిపై నొకటి బోర్లించినట్లు వంపుగీతలున్న బూడిదరంగు రాతిమీద కూర్చుండి, తెచ్చుకొన్న అన్నము తిని, రాతివంక ఒక్కసారియైనను చూడకుండ లేచి వస్తారు.

నాపబండమీది ఆకు శిలాజము కాదు. కూర్చున్న రాయి శిలాజము. మన జిల్లాలో ఈ శాస్త్రమును నేర్చుకొనదలచిన వారు మొట్టమొదట గ్రహింపవలసిన విషయమిదే. ఇచ్చట శిలాజమువలె కనిపించునది చాలవరకు శిలాజము కాదు. శిలాజమైనది శిలాజమువలె కనిపించదు. ఇట్లెందుకు జరిగినది, రెంటిని వేరుపరచుట ఎట్లు అను రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

శిలాజమనగా నేమి?

పూర్వకాలపు ప్రాణియొక్క దేహముగాని, దేహభాగముగాని, అది విడిచిన గుర్తుగాని భూమిపొరలలో నిలిచియున్నచో దానిని శిలాజమంటాము. ఎముక, గుల్ల, ఆకు, చెట్టుమాను మాత్రమే కాదు. అడుగుజాడ, పురుగు తొలిచిన దారి, ప్రాణులు కట్టిన కట్టడము కూడ శిలాజములే. పుట్టలో చెదలు చచ్చిపోయినను పుట్ట నిలిచియుండును కదా! పుట్టను చూచి చెదలుండెనని చెప్పినట్లే, కట్టడమును చూచి కట్టిన ప్రాణి ఉండెనని చెప్పవచ్చును. ఈ పోలికను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

రాళ్ళను చదివి గతమును తెలిసికొనుట నేటి విద్య కాదు. సుమారు 1030లో అల్ బెరూనీ మన దేశమును గూర్చి వ్రాసిన గ్రంథములో, ఉత్తర భారత మైదానము ఒకప్పుడు సముద్రమై, నదులు తెచ్చిన ఒండ్రుచే పూడిపోయియుండునని తర్కించినాడు. పర్వతముల చెంత నదిలో పెద్ద గుండ్లు, దూరము పోయినకొలది చిన్న రాళ్ళు, కడకు ఇసుక కనిపించుటను ఆయన సాక్ష్యముగా చూపినాడు. ఇంచుమించు ఆ కాలముననే ఇబ్న్ సీనా రాళ్ళు, పర్వతములు ఏర్పడు విధమును, ప్రాణుల దేహములు రాయిగా మారుటను గూర్చి చర్చించినాడు. ఈ ఇద్దరి పద్ధతి ఒక్కటే. రూపమును చూచి ఆశ్చర్యపడి ఊరకుండక, అది ఎట్లు కలిగెనని అడిగినారు. మనము చేయవలసినదియు అదే.

మొదటి ప్రశ్న రాయి జాతిని గూర్చి

చేతిలోని వస్తువు ఆకృతిని చూచుటకు ముందు, అది ఏ జాతి రాతిలో ఉన్నదో చూడవలెను. కరిగిన శిలాద్రవము చల్లారి ఏర్పడిన గ్రానైటు, డోలరైటు వంటి అగ్నిశిలలలో ప్రాణి అవశేషములు నిలుచుట దాదాపు అసంభవము. మిక్కిలి వేడికి, ఒత్తిడికి లోనై మారిపోయిన రూపాంతర శిలలలో ఉన్నవి కూడ చాలవరకు చెరిగిపోవును. నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుకరాయి, బురదరాయి, సున్నపురాయి వంటి అవక్షేపశిలలే శిలాజములకు నిలయములు.

ఈ విషయములో మన జిల్లా అదృష్టము కలది. ఇక్కడి నేలలో అధికభాగము అవక్షేపశిలలే. భూవిజ్ఞులు కడప హరివాణమని పిలుచు ఈ ప్రదేశము అర్ధచంద్రాకృతిలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు వ్యాపించియున్నది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ రాళ్ళను వివరించు బృహద్గ్రంథమును 1872లో ప్రకటించినాడు. నాటినుండి మన ఊళ్ళ పేర్లే రాతిపొరలకు పేర్లైనవి. అడుగున గువ్వలచెరువు పేరుమీది క్వార్ట్‌జైటు. దానిపై వేంపల్లె సున్నపురాయి, డోలమైటు. ఆపైన పులివెందుల క్వార్ట్‌జైటు, తాడిపత్రి బురదరాళ్ళు, గండికోట క్వార్ట్‌జైటు వరుసగా కలవు. వీటికంటె చాల తరువాత ఏర్పడిన కర్నూలు వర్గపు రాళ్ళలోనిదే నార్జి సున్నపురాయి. మన ఇళ్ళలో పరచు నాపబండలు, యర్రగుంట్ల పరిసరాల సిమెంటు కర్మాగారములకు పోవు సున్నపురాయి ఈ నార్జి పొరలోనివే. ఇతర దేశములలో భూవిజ్ఞానము చదువు విద్యార్థియు వేంపల్లె, పులివెందుల అను పేర్లను పుస్తకములలో చూచుచున్నాడు. ఆ ఊళ్ళలో పుట్టిన మనము వాటిని బస్సు బోర్డుమీద మాత్రమే చదువుట తగదు.

రెండవ ప్రశ్న వయస్సును గూర్చి

పొరలున్న రాయి అయినంతమాత్రమున ఏ శిలాజమైనను దొరకునని తలంచరాదు. రాయి ఏర్పడిన నాటికి ఆ ప్రాణి భూమిమీద ఉండవలెను కదా! పులివెందుల ప్రాంతములో తాడిపత్రి పొరల మధ్యకు చొచ్చుకొని వచ్చి చల్లారిన డోలరైటు రాతి వయస్సును శాస్త్రజ్ఞులు కొలిచి, 2008లో ప్రకటించినారు. అది సుమారు 188.5 కోట్ల సంవత్సరములు. చొచ్చుకొని వచ్చినదానికంటె, చొచ్చుకొనుటకు ఇల్లిచ్చిన పొర పాతది. ఆ పొరకు అడుగుననున్న వేంపల్లె రాయి ఇంకను పాతది.

డైనోసార్లు భూమిమీద సంచరించినది రమారమి 23 కోట్ల సంవత్సరముల క్రిందటినుండి 6.6 కోట్ల సంవత్సరముల క్రిందటివరకు. గట్టి గుల్లలుగల జలచరములు విస్తారముగా కనిపించుట ఆరంభమైనది దాదాపు 54 కోట్ల సంవత్సరముల క్రిందట. నేలపై చెట్లు, ఫెర్నులు మొలచినది ఇంకను తరువాత. కనుక వేంపల్లె, పులివెందుల, గండికోట రాళ్ళలో ఎముకగాని, గుడ్డుగాని, చేపగాని, ఆకుగాని ఉండుటకు వీలులేదు. నార్జి సున్నపురాయి వేంపల్లె రాతికంటె చాల చిన్నదియైనను, అదియు ఫెర్నులు పుట్టకమునుపటిదే. నాపబండమీది కొమ్మను భూతద్దము లేకుండగనే సందేహించుటకు ఇదొక్కటి చాలును.

తెలుగునాట ఎముకలు, గుల్లలు లేవని దీని భావము కాదు. గోదావరి లోయలోని కోట పొరలలో యామన్‌పల్లి చెంత దొరకిన పెద్ద డైనోసారుకు 1988లో కోటసారస్ అని పేరు పెట్టినారు. దాని అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిపినారు. రాజమండ్రి ప్రాంతములో కాటేరు, పంగిడి చెంత లావా పొరలతో కూడియున్న సున్నపురాతిలో గుల్లలు కలవు. మనకు పొరుగున బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గము గుహలలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు 1884-85 ప్రాంతమున త్రవ్వించి జంతువుల ఎముకలను వెలికితీసినారు. అయితే ఆ ఎముకలు గుహ గోడలలోని సున్నపురాతిలో దొరకలేదు. గుహ అడుగున చాల తరువాత పేరుకొన్న మట్టిలో దొరికినవి. ఇల్లు పాతదైనంతమాత్రమున ఇంటిలోని సామానులన్నియు అంత పాతవి కావు. ఈ భేదమును మరచినవారు తప్పు లెక్క వేయుదురు.

మోసగించు ఆరు రూపములు

మన మూడు తాలూకాల ప్రాంతములలో శిలాజములని భ్రమింపజేయువానిని ఇచ్చట వివరింతుము.

1. నాపబండమీది కొమ్మలు: ఇవి మాంగనీసు, ఇనుము ఖనిజముల మరకలు. రాతి పొరల సందులోనికి, సన్నని బీటలలోనికి నీరు పాకినప్పుడు, దానితో వచ్చిన ఖనిజము కొమ్మలుగా విస్తరించి ఆరిపోవును. చలికాలమున చలిదేశములలో కిటికీ అద్దముమీద మంచు కొమ్మలు కట్టునట్టిదే ఇది. పరీక్ష సులభము. కొమ్మ చీలికతలము మీదనే పలుచగా వ్యాపించియుండును. కొమ్మలు బండ అంచునుండిగాని, బీటనుండిగాని బయలుదేరును. నిజమైన ఆకుకుండు నడిమి ఈనె, తొడిమ, నిర్ణీతమైన అంచు దీనికుండవు.

2. అలల గుర్తులు: పులివెందుల, గండికోట క్వార్ట్‌జైటు బండలమీద వరుసగా గట్లు, పల్లములు కనిపించును. వీటిని చూచి పెద్దపాము చారలనియు, ప్రాణి ప్రక్కటెముకలనియు అనుకొందురు. లోతులేని నీటి అడుగున ఇసుకపై అలలు కొట్టిన గుర్తులే ఇవి. వేసవిలో పెన్న ఒడ్డున తడి ఇసుకను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఇవి శిలాజములు కావు గాని విలువలేనివియు కావు. నేడు చుక్కనీటికై చూచు ఈ గుట్టలు ఒకనాడు నీటి అడుగున ఉండెననుటకు ఇవి సాక్ష్యములు.

3. బురద బీటలు: తాబేటి చిప్పవలెనో, ఏనుగు చర్మమువలెనో గడులు గడులుగా ఉన్న బండలు మరికొన్ని. ఎండిన చెరువు అడుగు పగిలినట్లు నాటి బురద పగిలి, ఆ బీటలలోనికి వేరొక ఒండ్రు నిండి గట్టిపడగా ఏర్పడినవి. గడుల ఆకారము, పరిమాణము ఒక క్రమములేక మారుచుండుట వీటి లక్షణము.

4. గుండ్రని రాళ్ళు: "గుడ్డు" అను ప్రచారమునకు కారణములివే. పులివెందుల వైపు డోలరైటు రాయి ఎండకు, వానకు మూలలరిగి, ఉల్లిపాయవలె పొరలు పొరలుగా ఊడుచు గుండ్రమగును. పైపొర పెంకువలె లేచిపోవుటచే గుడ్డని భ్రమ కలుగును. పగిలిన ముఖమును భూతద్దముతో చూచినచో లోపలనంతయు స్ఫటికముల గింజలు అల్లుకొని కనిపించును, అది అగ్నిశిల. పొరుగురాష్ట్రములో 2020 అక్టోబరున పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువు త్రవ్వకములో బయటపడిన పెద్ద గుండ్లను డైనోసారు గుడ్లని ప్రచారము చేసినారు. భూవిజ్ఞులు పరిశీలించి అవి గుడ్లు కావనియు, అమ్మోనైటు అను సముద్రప్రాణి గుల్ల చుట్టును ఖనిజము గట్టిపడి ఏర్పడిన ఉండలనియు తెలిపినారు. అక్కడి రాళ్ళు డైనోసార్ల కాలపువే గనుక ప్రచారమునకు కొంత ఆధారమున్నది. మన రాళ్ళకు ఆ ఆధారమును లేదు.

5. రాతినార: పులివెందుల ప్రాంతములో డోలరైటు వేడికి డోలమైటు మారినచోట రాతినార పుట్టినది. పట్టువలె మెరయుచు పోగులు పోగులుగా విడివడు ఈ ఖనిజమును చూచి రాయిగా మారిన కొయ్య అనియు, వెండ్రుకలనియు అనుకొనుట సహజము. కొయ్యలో ఏటేట పెరిగిన వలయములు, కణముల గదులు ఉండును, రాతినారలో ఉండవు. విద్యార్థులకు ముఖ్యమైన హెచ్చరిక: దీనిని గోటితో గీరరాదు, నలుపరాదు, సంచిలో వేసికొని ఇంటికి తేరాదు. దీని సన్నని పోగులు శ్వాసతో లోనికిపోయి, ఏండ్ల తరువాత ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన వ్యాధులు కలిగించును.

6. నల్లరేగడిలోని సున్నపు గడ్డలు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చేలలో నాగలికి తగులు తెల్లని గడ్డలు ఎముకలవలె, వేళ్ళవలె, పండ్లవలె వింత ఆకారములలో ఉండును. మట్టిలోని సున్నము నీటితో దిగి, ఆరి, గట్టిపడినవి ఇవి. వీటిలో సన్నని గొట్టములవంటివి కొన్ని మొక్కల వేళ్ళచుట్టు ఏర్పడినవి కావచ్చును. అట్టివి కూడ నేలమట్టి కాలపువే గాని రాతి కాలపువి కావు. ఎముకా, సున్నపుగడ్డా అను సందేహము కలిగినచో, విరిగిన ముఖమును భూతద్దముతో చూడవలెను. ఎముక లోపల తేనెపట్టువంటి సన్నని గదులుండును. గడ్డ లోపల అట్టి అమరిక ఉండదు.

వేంపల్లె రాతిలోని ప్రాణులు

ఇక నిజమైన శిలాజమునకు వత్తము. వేంపల్లె డోలమైటులో ప్రక్కనుండి చూచినప్పుడు బోర్లించిన గిన్నెల దొంతరవలెను, పైనుండి చూచినప్పుడు అడ్డముగా కోసిన ఉల్లిగడ్డ వలయములవలెను కనిపించు నిర్మాణములు విస్తారముగా కలవు. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు. జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ కాల్కోవ్‌స్కీ 1908లో ఈ పేరు పెట్టినాడు.

వీటిని కట్టినవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు, ముఖ్యముగా సయనోబాక్టీరియా. లోతులేని వెచ్చని నీటి అడుగున ఇవి జిగురుపొరగా వ్యాపించి సూర్యకాంతితో ఆహారము చేసికొనుచుండును. నీరు తెచ్చిన సున్నపు నలుసులు ఆ జిగురునకు అంటుకొని కాంతిని కప్పివేయును. అప్పుడు జీవులు ఆ నలుసులమీదికి ప్రాకి కొత్త పొర పరచును. దానిమీద మరల నలుసులు, మరల పొర. ఇట్లు కొన్ని వేల పొరలు పెరిగి, గిన్నెలు, స్తంభములు, గుమ్మటములైనవి. కట్టిన జీవులు కుళ్ళిపోయినవి, కట్టడము నిలిచినది. మేము ముందు చెప్పిన పుట్ట పోలిక ఇందులకే.

ఇది ఊహ కాదా యని అడుగవచ్చును. ఆస్ట్రేలియా పశ్చిమతీరమున షార్క్ అఖాతములో ఇట్టి నిర్మాణములను సూక్ష్మజీవులు నేటికిని కట్టుచున్నవని 1950ల దశకములో శాస్త్రజ్ఞులు గుర్తించినారు. అక్కడి నీటిలో ఉప్పు ఎక్కువగుటచే వీటిని మేయు నత్తల వంటి ప్రాణులు అంతగా బ్రతుకలేవు. మేయు ప్రాణియే పుట్టని వేంపల్లె నాటి నీటిలో ఇవి నిరాటంకముగా విస్తరించినవి. వేంపల్లె పొరలలో డోలమైటుతోపాటు చెకుముకిజాతికి చెందిన చెర్టు పట్టీలును కలవు. చెర్టు విలువను గూర్చి ఒక మాట. కెనడాలోని గన్‌ఫ్లింట్ చెర్టులో సూక్ష్మజీవుల కణరూపములే చెడక నిలిచియుండుటను స్టాన్లీ టైలర్, ఎల్సో బర్గూర్న్ 1954లో వెల్లడించినారు. ఆ రాతి వయస్సు దాదాపు 188 కోట్ల సంవత్సరములు. అనగా మన పులివెందుల డోలరైటుకు ఈడుది.

భూమిమీది గాలిలో ప్రాణవాయువు మొదట లేదనియే చెప్పవచ్చును. సుమారు 240 కోట్ల సంవత్సరముల క్రిందట అది పెరుగ నారంభించినది. దానిని విడిచినవి సయనోబాక్టీరియాయే. మనము పీల్చు గాలిని సిద్ధపరచిన ఆ జీవుల వంశమువారు కట్టిన గుట్టలమీద మన మేకలు మేయుచున్నవి. ఆ రాళ్ళనే మనము కంకరకొట్టి రోడ్లకు పోయుచున్నాము. తుమ్మలపల్లె యురేనియం ఖనిజము కూడ ఈ వేంపల్లె డోలమైటు పొరలలోనిదే.

నిజమైనదానిని నిర్ణయించుట

వంపుపొరలున్న ప్రతి రాయియు స్ట్రొమటోలైటు కాదు. ఒత్తిడికి మడతపడిన రాయి, ఉల్లిపొరలుగా ఊడు డోలరైటు గుండు కూడ వంపులే చూపును. కనుక ఈ క్రింది వరుసలో పరీక్షింపవలెను.

మొదట, వంపు దిశ. స్ట్రొమటోలైటు కాంతివైపు పెరిగినది గనుక దాని వంపులన్నియు నాటి పైవైపునకే ఉబ్బియుండును. డోలరైటు గుండు పొరలు అన్ని వైపుల చుట్టివచ్చును. మడతలలో పైకిని క్రిందికిని వంపులు ఒకదాని తరువాత ఒకటి వచ్చును. రెండవది, పొర మందము. సూక్ష్మజీవులు పెరిగిన శిఖరమున పొర మందముగాను, అంచులలో పలుచగాను ఉండుట తరచుగా కనిపించును. మూడవది, స్తంభముల నడిమి సందు. అందులో విరిగిన ముక్కలు, నలుసులు నిండియుండును. నీరు ప్రవహించిన సాక్ష్యమది. నాలుగవది, విస్తృతి. ఒక్క రాతిలో ఒక్క గుమ్మటము కనిపించినచో సందేహింపవలెను. అదే పొర పొడుగునను వరుసగా కనిపించినచో నమ్మకము పెరుగును.

రాయి జాతిని తెలిసికొనుటకు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లము ఉపయోగపడును. నార్జి సున్నపురాతిమీద ఒక చుక్క వేసినచో బుసబుస పొంగును. డోలమైటుమీద వేసినచో అంతగా పొంగదు. గీకి పొడిచేసిన చోట వేసినచో మెల్లగా పొంగును. చెర్టు పొంగనే పొంగదు, పైగా గాజును గీయును. పులివెందుల, వేముల ప్రాంతపు ముగ్గురాయి చేతిలోకి తీసికొనగానే బరువుచే తెలిసిపోవును. సున్నపురాయి నీటికంటె రమారమి 2.7 రెట్లు బరువైతే, ముగ్గురాయి 4.5 రెట్లు బరువు. ఆమ్లపరీక్ష ఉపాధ్యాయుని సమక్షముననే జరుగవలెను.

పెద్దలును పొరబడినారు

విద్యార్థి పొరబడుట అవమానము కాదు. 1865లో కెనడా దేశపు డాసన్ ఒక పాతరాతిలోని చారలను భూమిపై తొలిప్రాణి అవశేషమని తలచి ఎయోజూన్ అని పేరు పెట్టినాడు. వేడికి మారిన సున్నపురాతిలో ఖనిజములు పొరలుగా అమరుటచే అట్టి చారలు కలుగునని ఇతరులు వాదించినారు. కడకు 1894లో, ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతము ఎగజిమ్మిన సున్నపురాతి ముక్కలలోను అవే చారలున్నవని చూపినారు. పులివెందుల రాతినార పుట్టిన చోట్లను పరిశీలించువారు ఈ కథను మరువరాదు; వేడికి డోలమైటు మారినచోట చారలు ప్రాణిలేకయే పుట్టగలవు.

2016లో గ్రీన్‌లాండులో 370 కోట్ల సంవత్సరముల నాటి స్ట్రొమటోలైట్లు దొరికినవని ప్రకటించినారు. 2018లో వేరొక బృందము అదే రాతిని ఒక్క ముఖమునుండి గాక అన్ని ముఖములనుండి చూచి, ఆ శిఖరములు ఒత్తిడికి ఏర్పడిన గట్లని వాదించినది. 2021లో మన దేశములోనే భీంబేట్కా గుహ కప్పుమీద డికిన్‌సోనియా అను అతిప్రాచీన ప్రాణి శిలాజము కనుగొంటిమని విదేశీ, స్వదేశీ శాస్త్రజ్ఞులు వ్రాసినారు. 2023లో మరియొక బృందము పోయి చూడగా అది ఊడిపోవుచున్న తేనెపట్టు మరక. మొదటి బృందమునకు నాయకుడైన రెటలాక్ తమ పొరపాటును అంగీకరించినాడు. ఆ అంగీకారమును మేము ఈ వ్యాసములోని అన్ని రాళ్ళకంటె విలువైనదిగా భావించుచున్నాము. కొమ్మను ఆకని నమ్మి తెచ్చిన విద్యార్థి, పరీక్షించి "కాదు" అని తానే చెప్పగలిగిననాడు అతడు శాస్త్రజ్ఞుడగును.

రాయిని ఎత్తుటకు ముందు

శిలాజము విలువ రాతిలో సగము, అది ఉన్న స్థలములో సగము. ఏ గుట్ట, ఏ పొర, ఏ వైపు పైవైపు అను విషయములు తెలియని ముక్కను బల్లమీద పెట్టి ఏ విద్వాంసుడును పూర్తిగా నిర్ణయింపలేడు. కనుక ముందు చూచి, ఫొటో తీసి, ప్రక్కన కలమునో స్కేలునో కొలతకుంచి, స్థలము వ్రాసికొని, ఆపైన అవసరమైనచో విడిగా పడియున్న ముక్కను మాత్రమే తీసికొనవలెను. పొరలోనున్నదానిని సుత్తితో పగులగొట్టరాదు. గనులలోనికి, త్రవ్విన గుంతలలోనికి అనుమతిలేక పోరాదు. బండలు తీయు పనివారిని గౌరవముతో అడుగవలెను. ఏ పొర ఎట్లు చీలునో, కొమ్మల మరక ఏ తలములో వచ్చునో మా కంటె వారికే బాగుగా తెలియును.

కళాశాల పాలకవర్గము వారికి ఒక మనవితో ముగించుచున్నాము. మన విజ్ఞానశాలలో ఒక చిన్న బీరువాను ఈ పనికి కేటాయింపవలెను. అందు పై అరలో శిలాజము కానివి: కొమ్మల నాపబండ, అలల గుర్తుల క్వార్ట్‌జైటు, డోలరైటు గుండు, రేగడి సున్నపు గడ్డ. క్రింది అరలో శిలాజమైనది: వేంపల్లె స్ట్రొమటోలైటు ఒక్కటి, నిలువుగాను అడ్డముగాను కోసి మెరుగుపెట్టినది. రాతినారను మూసిన గాజుసీసాలోనే ఉంచవలెను. ప్రతిదానికి తెలుగులోను ఉర్దూలోను పేరు, దొరికిన ఊరు, వయస్సు వ్రాసిన చీటీ ఉండవలెను. పదిరెట్లు పెద్దవిచేసి చూపు భూతద్దము ఒకటి, సంవత్సరమునకు ఒకసారి వేంపల్లె గుట్టలకు ప్రయాణము. ఇంతకంటె వ్యయము లేదు.

పై అర ఖాళీగా ఉంచి క్రింది అర మాత్రమే నింపినచో విద్యార్థి వింతను చూచును. రెండు అరలును ప్రక్కప్రక్కన చూచినచో విచక్షణ నేర్చుకొనును. వచ్చే సంవత్సరము నాపబండముక్కను కాగితములో చుట్టి తెచ్చు విద్యార్థికి మేము సమాధానము చెప్పక, ఆ బీరువా తాళపుచెవిని, భూతద్దమును చేతికివ్వగలమని ఆశించుచున్నాము.